పడుకుంటేనే చెల్లే కార్డు

మనస్తత్వ శాస్త్రం చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మదనపల్లెలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ ఏవేవో చికిత్సా పద్ధతుల పేర్లు చెప్పి, మీరు ఏది వాడేవారు మేడమ్ అని అడుగుతారు. వాటిలో సగం పేర్లు నేను వాళ్ల నోటే మొదటిసారి వింటున్నాను. నేను తిరిగి ఒకటే అడుగుతాను: "మీ దగ్గరికి వచ్చేవాళ్ల ఫీజు ఎవరు కడుతున్నారమ్మా?" పిల్లలు మొహమొహాలు చూసుకుంటారు. అది కౌంటర్ వాళ్ల పని కదా అన్నాడు మొన్న ఒకబ్బాయి. ఆ అబ్బాయి కోసమే ఇది రాస్తున్నాను.

మనసు బాగోలేనివాళ్లతో కూర్చుని మాట్లాడే నా ఉద్యోగం చాలా భాగం మదనపల్లెలో గడిచింది. వారంలో ఒక రోజు పుంగనూరు వైపు వెళ్లేదాన్ని. శనివారాలు కుప్పంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కూర్చునేదాన్ని. ప్రమోషన్ల సంగతి, సన్మానాల సంగతి ఇక్కడ చెప్పను. ఇచ్చిన శాలువాలు అన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి, అంతే.

మా ప్రాంతంలో మనసు బాగోలేదని చెప్పుకుంటూ ఎవరూ రారు. గ్యాస్ అంటారు. తల తిమ్మిరి అంటారు. గుండెల్లో ఏదో దేవినట్టుంది అంటారు. టమాటా ధర పలికిన వారాల్లో మదనపల్లెలో నా గది ముందు జనం ఉండేవాళ్లు. ధర పడిపోయిన వారాల్లో బెంచీ ఖాళీ. బాధ ఏ వారంలో ఎక్కువగా ఉంటుందో మీరే ఆలోచించండి. అవసరం ఉన్నప్పుడు చేతిలో డబ్బు ఉండదు, డబ్బు వచ్చాక పాత అవసరం గుర్తొస్తుంది. మార్కెట్ యార్డు నుంచి వచ్చేవాళ్ల మొహాలు చూస్తే ఆ వారం నాకెంత పని ఉంటుందో తెలిసిపోయేది.

సూది లేని వైద్యం

పుంగనూరు వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో నేను కూర్చునే గదిలో ఎవరూ పైసా కట్టనక్కర్లేదు. మందులూ ఉచితమే. పక్క గదిలో చంటిపిల్లలకు టీకాలు వేస్తుంటే, ఆ ఏడుపుల మీదుగా మేం గొంతు పెంచి రహస్యాలు మాట్లాడుకునేవాళ్లం. సోమల నుంచి ఒకామె వచ్చింది. కొడుకు మీద దిగులు, రాత్రులు నిద్ర లేదు. చాలాసేపు మాట్లాడుకున్నాం. లేవబోతూ నా చేతుల వైపు అనుమానంగా చూసింది.

"అమ్మా, అంత దూరం నుంచి వచ్చినాను. సూది ఎయ్యకుండానే పంపిస్తాండావే?"

"మీకు సూది అక్కర్లేదమ్మా. మాట్లాడుకుంటేనే మేలవుతుంది."

"మాటలకే మేలైతే మా ఇంట్లో మాటలకేమి కరువా? బలానికన్నా ఒక సూది ఎయ్యి."

నవ్వాను, ఆమె నవ్వలేదు. తర్వాతి వారం మళ్లీ వచ్చింది. ఆ రోజు ఏడ్చింది. ఆ తర్వాత సూది ఊసెత్తలేదు.

ఈమెను తప్పుపట్టకండి. బీమా నియమాలు రాసిన పెద్ద పెద్ద చదువులవాళ్లు కూడా సరిగ్గా ఈమె ఆలోచించినట్టే ఆలోచిస్తారు. సూది, సెలైను సీసా, మంచం కనిపిస్తే అది వైద్యం. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే అది కబుర్లు.

రెండు కార్డులు, ఒకే మంచం

సర్కారు ఇచ్చే ఆరోగ్య కార్డు మా పల్లెల్లో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో నేను కళ్లారా చూశాను. దాన్ని వెక్కిరించే పట్నం మేధావులంటే నాకు ఒళ్లు మంట. అయితే ఆ కార్డుకు మంచం కావాలి. రోగి చేరాలి, పడుకోవాలి, పడుకున్నట్టు ఫోటో తీసి పంపాలి. కుప్పం ఆసుపత్రిలో ఈ కార్డుల డెస్కు చూసే మునిరత్నం రోజంతా ఫోన్ పట్టుకుని మంచాల మధ్య తిరుగుతుండేవాడు. "అప్పా, ఇట్ల సూడు. నవ్వొద్దు. జబ్బు మనిషి మాదిరి ఉండల్ల" అని కోప్పడేవాడు. ఒకసారి నా దగ్గర కూర్చుని మాట్లాడుతున్న రోగిని ఫోటో తీసి పంపాడు. ఇందులో వైద్యం ఎక్కడ జరుగుతోంది అని పైనుంచి ప్రశ్న వచ్చింది. "నాగ్గూడా కనపడలేదు మేడమ్" అన్నాడు మునిరత్నం నిజాయితీగా.

రెండోది కంపెనీ కార్డు. తెల్లవారుజాము రైలుకు కుప్పం స్టేషన్లో నిలబడితే మీకే తెలుస్తుంది. ఒకప్పుడు కూలికి పోయిన ఇళ్ల పిల్లలు ఇవాళ మెడలో ఐడీ కార్డులు వేసుకుని బెంగళూరు వెళ్లి రాత్రికి తిరిగొస్తున్నారు. వాళ్ల కంపెనీలు బీమా చేయిస్తాయి. కొన్ని కంపెనీలు తల్లిదండ్రులను కూడా అందులో చేరుస్తాయి. మనసు జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా చూడాలని చట్టం కూడా ఉంది కాబట్టి, మనసు బాగోక ఆసుపత్రిలో చేరినా ఆ కార్డులు చెల్లుతాయి. చేరినా అన్న మాట గమనించారు కదా. అక్కడ కూడా మంచమే.

ఇదంతా నేను పనిచేసిన రోజుల పద్ధతి. మీరు చేరేనాటికి మారి ఉండొచ్చు. మీరున్న చోట ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో మొదటి వారంలోనే కనుక్కోండి. రోగికి ఆ సంగతి మీరే మీ నోటితో చెప్పండి, కౌంటర్‌కు వదిలేయకండి. ఎందుకు చెబుతున్నానో గంగులప్ప కథ వింటే అర్థమవుతుంది.

గంగులప్ప

ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఇంట్లోవాళ్లందరి పేర్లూ మార్చాను. "మార్సేదేమిటికి మేడమ్, నా పేరే రాయండి" అన్నాడు. అయినా మార్చాను.

గంగులప్పది బైరెడ్డిపల్లె దగ్గర ఒక మెట్ట పల్లె. కొద్దిగా చేను, కొట్టంలో పాడి ఆవులు, ఒక పొట్టేలు. పొద్దున్నే పాల సెంటర్లో పాలు పోసి వచ్చి, రోజంతా ఆ ఆవుల చుట్టే తిరిగే మనిషి. భార్య వెంకటమ్మ. ఒక్కతే కూతురు భారతి. ఆమెను గుడుపల్లెలో ఇచ్చారు. రోజూ కుప్పం నుంచి రైల్లో బెంగళూరు వెళ్లి ఒక కంపెనీ లెక్కల విభాగంలో పనిచేస్తుంది.

ఆవులకు ఒళ్లంతా గడ్డలు లేచే జబ్బు వచ్చిన కాలంలో గంగులప్ప ఆవులు మూడు చనిపోయాయి. రెండింటికి బీమా ఉంది, ఆ డబ్బూ వచ్చింది. పోనీలే, కొంతైనా చేతికొచ్చింది అనుకున్నారు ఊళ్లోవాళ్లు. విచిత్రం ఏమిటంటే, ఆవులు పోయినప్పుడు బాగానే ఉన్న మనిషి డబ్బు వచ్చాక అన్నం మానేశాడు. మాట కూడా మానేశాడు. గాలి మారితే మేలవుతుందని వెంకటమ్మ గుడుపల్లెకు, కూతురింటికి తీసుకొచ్చింది. అక్కడ స్పృహ తప్పి పడిపోతే కుప్పం ఆసుపత్రిలో భారతి కంపెనీ కార్డు మీద చేర్చారు.

చేర్చేటప్పుడు తల్లీకూతుళ్లు డాక్టరును బతిమాలారు. "గ్యాస్ అని రాయండి సార్." ఆ మాట మా డాక్టర్లు రోజూ వినేదే. ఆయన గ్యాస్, నీరసం అని రాసేశారు. సెలైను ఎక్కించారు, మంచం ఖర్చు కంపెనీ కట్టేసింది. అందరూ సంతోషించారు.

శనివారం నేను రౌండ్లకు వెళ్తే, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి కనిపించాడు. గ్యాస్ ఉన్నవాళ్లు అలా పడుకోరు. పక్కన కూర్చున్నాను. ఏమడిగినా "ఊ" అన్నాడు. మా మానసిక వైద్యుడు కూడా చూసి, ఇది లోతైన కుంగుబాటు అని మందులు మొదలుపెట్టారు. ఇంటికి పంపేటప్పుడు మందులతో పాటు ప్రతి శనివారం నా దగ్గర కూర్చోవాలని రాసిచ్చారు.

పొట్టేలు

మొదటి రెండు శనివారాలు వచ్చాడు. వెంకటమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చునేది. లోపల ఆయన "ఊ" దాటి "అవును", "లేదు" దాకా వచ్చాడు. రెండోసారి వానల గురించి ఒక పూర్తి వాక్యం చెప్పాడు. మీకు నవ్వు రావచ్చు కానీ, ఆ రోజు నేను మదనపల్లె బస్సులో కూనిరాగం తీస్తూ వెళ్లాను.

మూడో శనివారం రాలేదు. నాలుగో వారం వెంకటమ్మ ఒక్కతే వచ్చింది.

"ఫీజుకని పొట్టేలు అమ్మినాను మేడమ్. బస్సులో ఆ మాట నోరు జారినాను. అంతే. నా కోసం ఇంగొక జీవాన్ని కసాయోడికి ఇస్తావా అన్నాడు. మళ్లా నోరు తెరిస్తే ఒట్టు. అన్నం ముట్టలేదు, మాత్రలు మింగలేదు."

"ఫీజేమీ వద్దమ్మా, నేను ఊరికే చూస్తాను. తీసుకురా."

"అదీ అడిగినాను. మాకేం గతి లేదా, ఊరికే యాల సూపించుకోవల్ల అన్నాడు."

"భారతి కడతానంది కదా?"

"కూతురి సొమ్ము తినేదానికి ఒప్పుకుంటాడా మేడమ్? కంపెనీ కార్డంటే సరే అన్నాడు. అది కంపెనీ సొమ్ము గదా."

తల్లిదండ్రుల బీమా కోసం భారతి జీతంలో ప్రతి నెలా కోత పడుతుందన్న సంగతి ఆయనకు తెలియదు. చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఉచితంగా చూస్తే సరిపోతుంది కదా అనుకునే మంచి మనసులు మీలో చాలామందికి ఉంటాయి. నాకూ ఉండేది. ఉచితంగా చూస్తానన్నవాళ్లలో చాలామంది రెండోసారి రాలేదు. సర్కారు ఆసుపత్రి ఉచితం వేరు, అది మన హక్కు అనుకుని వస్తారు. ఎదుటి మనిషి దయ చూపిస్తే తట్టుకోలేరు. మా మెట్ట పల్లెల మనుషుల పౌరుషం అలాంటిది. దాన్ని మొండితనం అని రాసుకుంటే రోగిని పోగొట్టుకుంటారు.

పుంగనూరు గదికి రమ్మని కూడా చెప్పి చూశాను. అటు మా ఊరివాళ్లు తిరుగుతుంటారు, పాల సెంటరువాళ్లు కనిపిస్తారు, రానన్నాడట. ఇక మిగిలింది కార్డులే. ఒక మనిషి అన్నం మానేసి ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు, మందులు కూడా ఆపేశాడు. అలాంటివాళ్లు ఎటు పోతారో నాకు తెలుసు. నిజం చెప్పాలంటే భయపడ్డాను.

మా పెద్దాయన ఉపాయం

కుప్పం ఆసుపత్రి యజమాని ఎముకల డాక్టరు. మేమంతా పెద్దాయన అనేవాళ్లం. చేయి మంచిది, మనసు అంతకంటే మంచిది, నియమాల విషయంలో మాత్రం కాస్త సాగే గుణం. నా బాధ విని తేలిగ్గా నవ్వేశారు.

"ఇంత చిన్నదానికి దిగులెందుకమ్మా? సర్కారు కార్డు ఉంది కదా. వారానికొకసారి చేర్పించు. సెలైను పెట్టి మునిరత్నంతో ఫోటో తీయించు. నువ్వు పక్కన కూర్చుని నీ మాటలేవో మాట్లాడుకో."

"అది దొంగ లెక్క సార్."

"రోగి నిజం, జబ్బు నిజం. మంచం ఒక్కటే కదా అబద్ధం?"

మాట బాగుంది, ఆయనకు అలాంటివి బాగా వచ్చు. పట్టుబడితే ఈ ఆసుపత్రిలో ఇక ఎవరి కార్డూ చెల్లదు, దాంతో వందల కుటుంబాలు నష్టపోతాయి అన్నాను. దానికి ఆయన పెద్దగా చలించలేదు. అప్పుడు అసలు సంగతి చెప్పాను. గంగులప్ప ఇప్పటికే మంచం వదలడం లేదు. వారం వారం మనమే మళ్లీ పడుకోబెట్టి, నవ్వకు, జబ్బు మనిషిలా ఉండు అని చెబితే ఆయన ఇక లేవడు. లేపడానికే కదా నేను కూర్చునేది? పెద్దాయన గడ్డం గోక్కున్నారు. విరిగిన కాలును ఎప్పుడు కదిలించాలో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. "అవును, కట్టు ఎక్కువ రోజులు ఉంచితే కీలు బిగుసుకుపోతుంది" అన్నారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత భారతి వచ్చింది. ఆమె కంపెనీలో ఉద్యోగులకు మనసు బాగోకపోతే నాలాంటివాళ్లతో కూర్చుని మాట్లాడే కొన్ని సిట్టింగుల ఖర్చు కంపెనీయే కడుతుంది. ఉద్యోగికి మాత్రమే, తల్లిదండ్రులకు లేదు.

"నా పేరుతో రాసీండి మేడమ్. నాకే బాగలేదని రాయండి. నాన్నను లోపల కూర్చోబెట్టుకోండి."

ఆ పిల్ల రైలు దిగి సరాసరి వచ్చింది. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. నిజానికి ఆ సిట్టింగులు ఆమెకూ అవసరమే. "నీ వంతు నీ కోసం దాచుకో తల్లీ. నీకు నిద్ర పట్టని రోజు వస్తే ఎక్కడికి వెళ్తావు?" అన్నాను. కాసేపు ఏడ్చింది. ఏడ్చాక, లెక్కల విభాగంలో పనిచేసే పిల్ల కాబట్టి, బీమా నియమాలన్నీ ఫోన్లో తెరిచి నా ముందు పెట్టింది. ఇద్దరం కళ్లద్దాలు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాం.

దొరికింది. ఆసుపత్రిలో చేరి ఇంటికి వెళ్లాక కూడా కొన్ని వారాల పాటు, అదే జబ్బుకు డాక్టరు రాసిచ్చిన వైద్యం ఖర్చు బీమావాళ్లే కట్టాలి. చాలా పాలసీల్లో ఉండే నియమమే ఇది. ఎవరూ అంతదాకా చదవరు. పిల్లలూ, మీరు చదవండి.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. అదే జబ్బుకు అని ఉంది. గంగులప్ప చేరిన జబ్బు, కాగితం ప్రకారం, గ్యాస్.

ఎప్పటినుంచి?

మొదటి రెండు శనివారాల బిల్లులు పంపగానే, అనుకున్నట్టే బీమావాళ్లు ప్రశ్నలు పంపారు. చికిత్స చేసిన డాక్టరు కేస్ షీటులో, మనిషి దిగులుగా ఉన్నాడని, అన్నం మానేశాడని తన చేత్తో రాసుకునే ఉన్నారు. ఇంటికిచ్చిన కాగితంలోనే గ్యాస్. కుటుంబం ఒప్పుకుంటే ఉన్నదున్నట్టు సరిచేసి ఇస్తానన్నారు. కుటుంబం అంటే అందులో గంగులప్ప కూడా. మీరు ఒప్పుకుంటే కంపెనీయే కడుతుందట అని భారతి చెబితే, చాలా రోజుల తర్వాత ఆయన చొక్కా వేసుకుని బయలుదేరాడు.

మునిరత్నం డెస్కు దగ్గర అందరం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. డాక్టరు, భారతి, వెంకటమ్మ, నేను. చివర్లో గంగులప్ప, నేల చూపులు. మునిరత్నం కంప్యూటర్ తెర మీది ప్రశ్నలు చదివాడు.

"గ్యాస్‌కి మనసు డాక్టరమ్మ యాలని అడుగుతాండారు సార్. అసలు జబ్బు ఏందంట, కారణం ఏందంట, ఎప్పటినుంచి ఉండాదంట."

"గ్యాసే సార్" అంది వెంకటమ్మ గబగబా. "గ్యాస్ తలకెక్కి నిద్ర పట్టలేదు. అట్లే రాసీండి."

"అలా రాస్తే డబ్బు రాదమ్మా" అన్నారు డాక్టరు.

"ఊర్లో తెలిస్తే ఏమంటారో మీకేం తెల్సు సార్? గంగులప్పకు పిచ్చి పట్టిందంటారు. రేపు ఆయప్ప మళ్లా పాల సెంటర్ కాడికి తల ఎత్తుకోని పోవల్ల గదా."

భారతి తన తల్లి చేయి పట్టుకుంది. నేను మాట్లాడబోయాను. మునిరత్నానికి మా సంగతులేవీ పట్టలేదు. అతనికి తెర మీద ఒక గడి ఖాళీగా ఉంది, అది నిండాలి. బీపీ ఉన్నవాళ్లను, షుగర్ ఉన్నవాళ్లను రోజూ అడిగే మాటే ఆయన్నీ అడిగాడు.

"అప్పా, నువ్వు సెప్పు. ఎప్పటినుంచి?"

"ఆవు సెవి కోసినప్పటినుంచి" అన్నాడు గంగులప్ప.

మునిరత్నం వేళ్లు ఆగిపోయాయి.

"రెండిటికి సెవిలో బీమా బిళ్ల ఉండె. ఆవు సచ్చినాక బిళ్ల ఇస్తేనే డబ్బులు. ఊడపీకితే సెల్లదేమో, సెవితో పాటే కోసీమన్నారు ఎవురో. కత్తి తెచ్చి కోసినాను. నా సేత్తో మేత తినిన ఆవులు. సెవి ఇంగా ఎచ్చగా ఉండె సార్. సంచిలో ఏసుకోని పొయ్యి ఇచ్చి వస్తి. డబ్బులు పడినాయి. ఆ డబ్బుతో తెచ్చిన బియ్యం ఉడుకుతాంటే నాకు ఆ వాసనే వచ్చె. ఇంగ ఎట్ల తినేది?"

ఆయన తలెత్తి మునిరత్నం వైపు చూశాడు.

"నాకు గ్యాస్ లేదప్పా. ఉండేది ఉండేట్ల రాసుకో."

నేను ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, సంతోషం కూడా పట్టలేకపోయాను. మంచం పక్కన కూర్చుని, కుర్చీలో కూర్చోబెట్టి, ఎన్ని విధాలుగా అడిగినా రాని మాట అది. మునిరత్నం ముక్కు తుడుచుకుని, గడిలో ఏదో కొట్టి, కొట్టింది చెరిపేసి, "మేడమ్, ఇది ఇంగ్లీషులో ఎట్ల రాయల్ల?" అని నన్నడిగాడు. ఇద్దరం కలిసి రాశాం.

బీమావాళ్లు ఆ తర్వాత ఇంకో రెండు సార్లు తిప్పి పంపారు. భారతి వదల్లేదు. చివరికి కట్టారు. నియమం ఒప్పుకున్నన్ని వారాలూ గంగులప్ప ప్రతి శనివారం వచ్చాడు. ఒక్కో ఆవు సంగతీ విడివిడిగా చెప్పాడు. బీమా లేని మూడో ఆవును కొట్టం వెనక పూడ్చి, పసుపు నీళ్లు చల్లి వచ్చాడట. దాని గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉండేది. మిగిలిన రెండింటికీ అలా చేయలేకపోయానన్నదే ఆయన బాధ. అది తేలాక పని సులువైంది. ఒక ఆదివారం భార్యాభర్తలు కొట్టం వెనక్కి వెళ్లి ఆ రెండింటి పేరున కూడా నీళ్లు చల్లి వచ్చారు. ఆ రాత్రి అన్నం తిన్నాడని మర్నాడు భారతి రైల్లోంచి ఫోన్ చేసింది.

నాకు అర్థమైనవి

చాలా కాలం నేను బీమావాళ్ల ప్రశ్నలను పీడగా చూశాను. ఇప్పటికీ వాటిలో చాలావరకు పీడలే. కానీ ఎప్పటినుంచి అన్న ప్రశ్న మంచిది. మునిరత్నంలా అడగడం నేర్చుకోండి. జాలి లేకుండా, తొందర లేకుండా, గడి నింపుకోవడానికి అడిగినట్టు అడగాలి. మనం మరీ మెత్తగా అడిగితే, విషయం ఏదో భయంకరమైనదని వాళ్లు బెదిరిపోతారు.

గ్యాస్ అని రాయమని బతిమాలితే కరిగిపోకండి. ఆ రోజుకు మొహమాటం తీరుతుంది, తర్వాత అదే కాగితం తలుపు మూసేస్తుంది. వాళ్ల భయం మాత్రం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. భారతి ఆఫీసులో తెలిసిపోతుందని వణికింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె ఆఫీసులో బీమావాళ్లకు జవాబులు పంపుతున్నప్పుడు పక్క సీట్లో ఉన్న ఒకామె మాత్రం కొన్నాళ్లకు రైల్లో పక్కన చేరి, మీ నాన్నను చూసిన డాక్టరమ్మ శనివారం ఎన్నింటికి వస్తుంది అని అడిగిందట.

గంగులప్ప ఇంట్లో ఇప్పుడు మళ్లీ పాలు పితుకుతున్నారు. పాల సెంటర్లో ఎవరో ఒకరిద్దరు ఏవో అన్నారట. "అననీ మేడమ్, వాళ్లకీ ఆవులు పోయుండాయి" అన్నాడు. ఈ ఉద్యోగం నాకు పెద్ద ఇల్లు కట్టివ్వలేదు. ఇలాంటి మాటలు కొన్ని ఇచ్చింది. నాకు అవి బాగానే సరిపోయాయి.

చివరి శనివారం

బీమా ఒప్పుకున్న ఆఖరి వారం. గంగులప్ప తన సిట్టింగు ముగించుకుని, నాకు దండం పెట్టి, మందులు తీసుకోవడానికి కిందికి వెళ్లాడు. నేను సంచి సర్దుకుంటున్నాను. మదనపల్లె బస్సుకు వేళవుతోంది. తలుపు దగ్గర వెంకటమ్మ నిలబడి ఉంది. ఇన్ని వారాలూ ఆమె బయట బెంచీ దాటి లోపలికి వచ్చింది లేదు.

"ఆయప్ప అంతా సెప్పేసె గదా మేడమ్?"

"చెప్పాడమ్మా. ఇప్పుడు బాగున్నాడు."

"బాగుండాడు. రాత్రి గురక పెట్టి నిద్రపోతాండాడు." ఆమె కుర్చీ అంచు మీద కూర్చుంది. "నాకే నిద్ర రాలేదు."

నేను సంచి కింద పెట్టాను.

మునిరత్నం తల లోపలికి పెట్టాడు. "మేడమ్, ఈయమ్మను ఏ కార్డు కింద ఎక్కించల్ల? ఈమె ఎప్పుడూ బెడ్డు మీద సేరలేదే."

"ఏ కార్డూ వద్దు. తలుపు వేసి వెళ్లు."

తలుపు పడేదాకా వెంకటమ్మ ఆగింది.

"ఆ పొద్దు సెవి కోసేటప్పుడు ఆవు తల పట్టుకునింది నేనే మేడమ్. దాని కన్ను తెరుసుకోనే ఉండె. ఆయప్పకు కనపడకుండా సెయ్యి అడ్డం పెట్టినాను. ఆ కన్ను నేనొక్కదాన్నే సూస్తి."

కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఆ రోజు మదనపల్లె బస్సు నన్ను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.